రగ్బీ సార్‌కు చెప్పిన అబద్ధం

పోయిన గురువారం మధ్యాహ్నం దుకాణంలో ఒక రైతుకు ట్రాక్టర్ బేరింగు చూపిస్తుంటే ఫోన్ మోగింది. సార్ భార్య చేశారు. "మీ సార్ పోయిండు బిడ్డా. చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు" అన్నారు. గుండెపోటు. నాకు ముందుగా వచ్చింది దుఃఖం కాదు, భయం. నా గురించి నాకన్నా ఎక్కువ భయపడే మనిషి ఇక లేరు, ఆ పని ఇప్పుడు నేనే చేసుకోవాలి అనిపించింది.

సార్ జహీరాబాద్‌లో మా బడికి వ్యాయామ ఉపాధ్యాయులు. ఊరంతా క్రికెట్, కబడ్డీ అంటుంటే ఈయన మాకు రగ్బీ నేర్పారు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని ఉరకాలి, ఉరికేవాణ్ణి నడుము పట్టి పడేయాలి. ఇంత మొరటు ఆట నేర్పే మనిషికి ఇంత పిరికితనమేమిటని చాటుగా నవ్వుకునేవాళ్లం. మేం రాకముందే మైదానమంతా వంగి నడుస్తూ రాళ్లు, గాజుపెంకులు ఏరేవారు. ఎండాకాలం మా ఎర్రనేల బండలా ఉంటుంది. అందుకని చెరుకు కోతలయ్యాక రైతులను బతిమాలి, ఎండుటాకు బండ్లకొద్దీ తెప్పించి మోకాలెత్తున పరిపించేవారు. నెల రోజులు దానిమీద పడటమే మా పాఠం. ఆకు కోసుకుని ఒళ్లంతా మంట పుట్టేది. "పడుడు ఫస్ట్ నేర్వున్రి. పడగొట్టుడు ఎవ్వడైనా నేరుస్తడు" అనేవారు.

సార్‌కు కొడుకులాంటివాడు ఒకడు ఐర్లాండ్‌లో ఉన్నాడు. పాపం వాడికి ఆ సంగతి తెలియదు. సార్ హైదరాబాద్‌లో శిక్షణకు వెళ్లినప్పుడు, ఎదుటివాణ్ణి ఎట్లా పట్టాలో చూపించే వీడియోలో ఒక పంతొమ్మిదేళ్ల కుర్రవాడు కనబడ్డాడట. అప్పటినుంచి వాడి ఆటలన్నీ వెతికి మరీ చూసేవారు, సోమవారం పొద్దున మాకు చెప్పేవారు. వాడు తన ప్రాంతపు జట్టులో చేరడం, దేశం తరఫున ఆకుపచ్చ అంగీ తొడగడం, భుజం ఎముక విరగడం, ఏడాది ఇంట్లో కూర్చుని మళ్లీ రావడం, కెప్టెన్ కావడం, అంతా మేం మైదానం గట్టుమీద కూర్చుని విన్నాం. "నిన్న మా పిల్లగాడు గెలిచిండు" అని మొదలుపెట్టినా, చివరికి వచ్చేసరికి గొంతు తగ్గేది. "గని నెత్తికి తాకింది రా. లేసి నిలవడ్డడు, కండ్లేమో ఎటో చూస్తున్నయ్. నాకు భయమైతుంది." మాకు వాడి గెలుపు చాలు. భయం సార్‌కు వదిలేసేవాళ్లం.

తలకు దెబ్బ తగిలిన ప్రతివాణ్ణీ సార్ పక్కకు పిలిచి నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఈ రోజు ఏ వారం, ఎవరితో ఆడుతున్నాం, ఎన్ని పాయింట్లు, ముందటి ఆట ఎవరు గెలిచారు. తడబడితే ఇక ఆ రోజుకు ఆట లేదు. మేమేమో పరీక్ష గైడులాగా ఆ జవాబులు పొద్దున బస్సులోనే బట్టీపట్టేవాళ్లం. పాయింట్లు మారితే సార్ వెనక నిలబడి ఎవడో ఒకడు వేళ్లతో చూపించేవాడు. సార్‌ను బోల్తా కొట్టించామని ఎంత సంబరపడ్డామో!

సంగారెడ్డిలో జిల్లా పోటీ జరిగినప్పుడు నాకు పదిహేడేళ్లు. రాష్ట్ర జట్టులోకి వెళితే ఆటల కోటాలో ఉద్యోగం వస్తుందని మా ఇంటిల్లిపాదీ ఆశ. మొదటి సగంలోనే ఒకడి మోకాలు నా కణతకు తగిలింది. బంతి రెండుగా కనబడింది. సార్ పిలిచి అడిగారు, నేను నాలుగూ గడగడా అప్పజెప్పి మళ్లీ దిగాను. మళ్లీ తగిలింది. ఆటయ్యాక వెళ్లి బస్సులో కూర్చున్నాను. అది నారాయణఖేడ్ జట్టు బస్సు. "పేరేంది తమ్మీ నీది?" అని వాళ్ల డ్రైవర్ అడిగితే నా పేరు నాకు నోటికి రాలేదు. కిటికీలోంచి ఒకాయన బస్సు బస్సుకూ పరుగెత్తి లోపలికి తొంగిచూడటం కనబడింది. తెలిసిన మనిషే, ఎవరో తెలియదు. అప్పటి భయం ఇప్పటికీ పోలేదు.

రాష్ట్ర ఎంపికకు సార్ నా పేరు పంపలేదు. వాళ్లింటికి వెళ్లి కొట్లాడాను.

"నా నౌకరీ పోతది సార్!"

"పోనీ రా. నువ్వు పోతే మీ అమ్మకు నేనేం జెప్పాలె?" అన్నారు.

మూడేళ్లు సార్‌తో మాట్లాడలేదు. రోడ్డుమీద ఎదురుపడితే ఆగి ఉన్న ఏ లారీ చాటుకో తప్పుకునేవాణ్ణి. ఆయన నా ప్రాణం కాపాడారని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది.

ఒక సోమవారం ఆయనే మా దుకాణానికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని ఫోన్ నా ముందు పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్లవాడైన ఆ ఐర్లాండ్ పిల్లగాడు ఆట మానేస్తున్నానని చెబుతున్నాడు. సార్ వీడియో ఆపి ఆపి నాకు తెలుగులో చెప్పారు. "వెలుతురు చూస్తే నెత్తి పలిగిపోతదంటున్నడు. వంటింట్లకు పోయి, ఎందుకొచ్చిన్నో మర్చిపోతడట. ఇగ ఆడితే పానానికే ఖతర అన్నరట డాక్టర్లు." కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగారు. "నిజం చెప్పు. నీకు నెత్తి నొస్తుందా?"

నొస్తుంది. సంగారెడ్డి నుంచి నొస్తూనే ఉంది. ఎండలో నిలబడలేక దుకాణం షట్టర్ సగం దించుకుని కూర్చునేవాణ్ణి.

"లేదు సార్, జర గూడ లేదు" అన్నాను.

ఆయన ముఖం ఎంత తేటపడిందో! ఆ తర్వాత ఐదేళ్లు, కలిసిన ప్రతిసారీ ఆయన అదే అడిగారు, నేను అదే అబద్ధం చెప్పాను. నిజం చెబితే దవాఖానకు లాక్కుపోతారు, అక్కడ ఏం బయటపడుతుందో! మా ఇద్దరి తరఫునా ఆయనే భయపడుతున్నారులే అని ధీమాగా బతికాను.

సార్ పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లి సార్ భార్యకు అంతా చెప్పేశాను. ఆమె ఓదార్చలేదు. "ఇప్పుడు నాకు చెప్తే ఏమొస్తది బిడ్డా? పోయి డాక్టర్‌కు చెప్పు. నీకోసం ఉరికొచ్చేటాయన ఇగ లేడు" అన్నారు.

సోమవారం నా భార్యతో కలిసి హైదరాబాద్ బస్సెక్కాను. డాక్టర్ "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగితే, ఎనిమిదేళ్లు అని మొదటిసారి పైకి చెప్పాను. నా భార్య చప్పున తలతిప్పి నన్ను చూసింది. రిపోర్టు రేపు ఇస్తారు. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది రేపటిదాకా కూర్చోలేక.

స్కానింగ్ కోసం నన్ను పడుకోబెట్టి తెల్లటి గొట్టంలోకి తోశారు. డబడబమని చప్పుడు. పక్కన ఎవరూ లేరు. సార్ పోయిన కబురు తెలిసినప్పుడు రాని ఏడుపు అక్కడ వచ్చింది. "తల కదులుతోందండీ, కదలకండి" అని బయటినుంచి ఒకమ్మాయి గొంతు వినిపించింది. ఆపుకుందామని ఎంత చూసినా ఆగలేదు. కాసేపటికి ఆ అమ్మాయే, "మళ్లీ మొదటినుంచి తీద్దాం" అంది.