రెండో తుమ్ము

పదిమందితో కలిసి ఆన్‌లైన్‌లో ఆడాల్సిన తుపాకీ ఆటని ఒంటరిగా ఆడేవాళ్ళని మా తమ్ముడు మనుషుల్లో జమకట్టడు. ఆ ఆటలో ఒంటరివాళ్ళ కోసం ఒక కథ కూడా ఉంటుంది. నలుగురు సైనికులు, పది అధ్యాయాలు. "దాన్నెవరూ ముట్టుకోరక్కా. విస్తట్లో ఉప్పులాగా వడ్డిస్తారంతే," అంటాడు వాడు.

చదువుకోసం గుంటూరు హాస్టల్‌కి వెళ్తూ వాడు ఆ గేమ్ పెట్టెని ఇంట్లోనే వదిలేశాడు. అద్దంకి కాలేజీలో వారమంతా పాఠాలు చెప్పి, ఆదివారాలు నేను దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. మా ఊళ్ళో ఆన్‌లైన్ ఆట కుదరదు. పత్తి బోరాలు ఎత్తుగా వేసుకున్న ప్రతి ట్రాక్టరూ మా వీధి నెట్ వైరుని తెంపుకునే పోతుంది. కాబట్టి నా వాటాకి ఆ ఉప్పే మిగిలింది.

ఆ ఏడు మిరపకోతలకి ముందే నాయనమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నలభై ఏళ్ళు కోతల ముఠాని నడిపిన మనిషి. పొద్దున్నే ఆడవాళ్ళని ట్రాక్టర్ ట్రక్కులో ఎక్కించి చేలోకి తీసుకెళ్ళేది. సాయంత్రం ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టి, "ఆఁ, పోనియ్," అని డ్రైవర్‌కి చెప్పేది. ఆ మాట అంటేగాని బండి కదిలేది కాదు. ఇప్పుడు హాల్లో మంచం మీద పడుకుని, కంచం ముందు పెడితే మొహం తిప్పుకుంటోంది. "నాతో ఎవరికేం పనుందని తినాలి?" అనేది. ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చేది, ఒళ్ళూ మండేది.

మొదటిరోజు మంచం మీంచే టీవీలో నా ఆట చూసి, "వీళ్ళకి మేస్త్రి ఎవరే?" అంది.

"నేనే."

"నీ మొహం! ముగ్గుర్ని వెనక వదిలేసి నువ్వు ఉరుకుతున్నావు. వెనక్కి రా."

ఆ ముగ్గురినీ కంప్యూటరే నడుపుతుందనీ, వాళ్ళకేం కాదనీ చెప్పి చూశాను. వినలేదు. అప్పట్నుంచీ ప్రతి అధ్యాయం ముందూ లెక్క. నలుగురూ ఉన్నారని తేలాకే, "ఆఁ, పోనియ్." శత్రువులు ఎదురుగా నిలబడి కాలుస్తున్నా సరే, లెక్క తేలేదాకా నేను కదలకూడదు. అలా ఎన్నిసార్లు చచ్చానో నాకే తెలియదు.

తర్వాత తుమ్ముల గొడవ మొదలైంది. ఒంటి తుమ్ము వినిపిస్తే బయల్దేరకూడదు, రెండోది పడితే పర్వాలేదు. ఇది అందరికీ తెలిసిందే. కానీ ఎదురుగా కల్లం నిండా మిరపకాయలు ఆరబోసుకున్న ఇంట్లో ఇది పాటిస్తే ఎవరూ గడప దాటలేరు. అందుకని మా ఇళ్ళల్లో కల్లం రోజుల్లో తుమ్ముల్ని పట్టించుకోరు. నాయనమ్మ చట్టం వేరు. "ఘాటుకొచ్చేది గొంతు గీరుకుంటా వస్తది. శకునం తుమ్ము నెత్తిమీంచి దిగుద్ది," అనేది. ఏది ఏదో తేల్చేది కూడా ఆమే. బాంబులు పడుతుండగా తుమ్మి, "ఇది అసలుది, ఆపు," అనేది. నేను ఆట ఆపి, మంచినీళ్ళు తాగి, రెండోది వచ్చేదాకా కూర్చునేదాన్ని.

తమ్ముడికి ఫోన్లో చెబితే పడీపడీ నవ్వాడు. "మా ఆటలో ఆపడాలుండవక్కా. తుమ్మేలోపు చస్తాం, మళ్ళీ లేస్తాం."

"చచ్చినోళ్ళు లేచేటట్టయితే ఇంక లెక్కెందుకు?" అని స్పీకర్లో విన్న నాయనమ్మ వాళ్ళ ఆటని అక్కడికక్కడే కొట్టిపారేసింది.

తొమ్మిదో అధ్యాయానికి ఆమె వీపు వెనక దిండు పెట్టించుకుని కూర్చుంటోంది. పెరుగన్నం మారు వడ్డించుకుంటోంది. సరిగ్గా అప్పుడు తమ్ముడు చల్లగా చెప్పాడు. చివర్లో ఆ నలుగురిలో పొట్టివాడు చస్తాడట. హెలికాప్టర్ వాణ్ణి వదిలేసి ఎగిరిపోతుందట. ఎంత బాగా ఆడినా కథ మారదట.

ఆ మాట నాయనమ్మ చెవిన పడనివ్వలేదు. ఎప్పుడో ఒక సాయంత్రం, వాన ముంచుకొస్తుంటే, తొందరలో నాయనమ్మ లెక్క తప్పింది. జ్వరంతో సాళ్ళ మధ్య పడిపోయిన ఒకామెని చేలోనే వదిలి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళి తెచ్చారు, ఆమె బతికింది. కానీ ఆ తర్వాత ఆవిడ మళ్ళీ నాయనమ్మ ముఠాలోకి రాలేదు, వీధిలో ఎదురుపడినా పలకరించలేదు. ఆ రోజునుంచే నాయనమ్మ ప్రతి సాయంత్రం రెండుసార్లు లెక్కపెట్టేది. ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది.

చివరి అధ్యాయం ఆడాను. హెలికాప్టర్ దిగింది. ముగ్గురం ఎక్కాం. పొట్టివాడు ఇంకా పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. నాయనమ్మ తుమ్మింది. ఆపాను.

రెండోది రాలేదు. అప్పటికే కల్లం ఖాళీ, కాయంతా నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీకి చేరిపోయింది. గంట కూర్చున్నాను. ఇక ఓపిక నశించి వంటింట్లోకెళ్ళి గుప్పెడు ఎండుమిరపకాయలు బాణలిలో మాడ్చాను. అమ్మ తుమ్మింది. నాన్న తుమ్ముకుంటూ వీధిలోకి పరిగెత్తాడు. పక్కింటి గేదె తుమ్మింది. నేను కళ్ళు కనబడక తలుపుకి గుద్దుకున్నాను. నాయనమ్మ మాత్రం ఆ పొగలో తెరవైపే చూస్తూ నింపాదిగా కూర్చుంది. నలభై ఏళ్ళు మిరపచేలో పనిచేసిన ముక్కు మరి.

"తుమ్మవే నాయనమ్మా!" అని అరిచాను.

"ముందు వాణ్ణి ఎక్కించు. అప్పుడు తుమ్ముతా."

నేను టీవీ కట్టేశాను. మర్నాడు కాలేజీ నుంచి వస్తూనే, "పొద్దున్నే నువ్వు లేవకముందే ఆడాను. వాడు ఎక్కేశాడు," అని చెప్పాను.

అమ్మ అప్పుడే కంచం పెట్టి వెళ్ళింది. నాయనమ్మ తలెత్తి నన్ను చూసింది. "రెండుసార్లు లెక్కపెట్టావా?"

అబద్ధం అక్కడిదాకే వచ్చింది. ఆమె కంచం పక్కకి నెట్టేసింది.

గేమ్ పెట్టె వేసి, ఒకటో అధ్యాయం తెరిచాను. అందులో నలుగురూ ఒక లారీ పక్కన నిలబడి ఉంటారు. నాయనమ్మ వేలు చాపి ఒకటి, రెండు, మూడు, నాలుగు అంది. మళ్ళీ మొదటినుంచి ఇంకోసారి లెక్కపెట్టింది. తర్వాత కంచం దగ్గరికి లాక్కుని, "ఆఁ, పోనియ్," అంది.