అవ్వ బీరువాలో నా జడ

ఈ రోజు సాయంత్రం చిన్నమ్మ కూతురి పెళ్లికని శ్రీరాంపూర్‌లో మా అవ్వ వాళ్ల క్వార్టర్లో తయారయ్యాను. పలచబడిన నా జడలో మల్లెదండ ఎన్నిసార్లు పెట్టినా జారిపోయింది. విసుగొచ్చి మంచం మీద పడేశాను. అవ్వ బీరువాలోంచి పాత చీరముక్కలో చుట్టిన సవరం తీసి నా చేతిలో పెట్టింది. నల్లగా, బరువుగా, కొబ్బరినూనె వాసనతో ఉంది.

"ఇది ఎవరిదవ్వా?"

"నీదే బిడ్డా. నువ్వు బడికి పోయేటప్పుడు దువ్వెనకు వచ్చిన ఎంటికలన్ని జమజేసి కట్టిపిచ్చిన."

"ఎంటికలు కొనే సైకిలాయనకు ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్నవనుకున్న."

"గిన్నెలు ఏడనన్న దొర్కుతయ్. నీ ఎంటికలు మల్ల దొర్కుతయా?"

అవ్వ దాన్ని నా జడలో కలిపి అల్లుతుంటే కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. వీపు మీదికి ఆ పాత బరువు మెల్లగా దిగింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, నెత్తి మీద అవ్వ వేళ్లు. కాసేపు నేను బడికి తయారవుతున్నాననే అనుకున్నాను.

పెళ్లిలో దండ జారలేదు. ఒకామె నా జడ పట్టుకుని చూసి, ఏ నూనె రాస్తున్నావు, ఎక్కడ దొరుకుతుందని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. మా అవ్వ బీరువాలో దొరుకుతుందని చెప్పాల్సిందంటారా?