నాలుగు ఫౌండ్రీలకు ఒకే మోటారు

1994 జూన్‌లో భిలాయి పారిశ్రామికవాడలోని ఒక ఫౌండ్రీలో మెటీరియల్స్ ఆఫీసరుగా చేరాను. ఇప్పుడు సప్లై చెయిన్ మేనేజ్‌మెంట్ అంటున్న పనికి అప్పట్లో మా దగ్గర అంత పెద్ద పేరు లేదు. సరుకు ఎప్పుడు తెప్పించాలి, ఎంత నిల్వ ఉంచాలి, ఎక్కడ ఉంచాలి, ఇదే మా పని. నిల్వ ఎక్కువైతే పెట్టుబడి మూలపడుతుంది. తక్కువైతే కొలిమి ఆగుతుంది.

స్పేర్ పార్టుల స్టోరు నాది, కొనుగోళ్లు సింహాచలం అనే మరో ఆఫీసరువి. హోదాలో సమానం. వచ్చే ఏడాది మాలో ఒకరిని సీనియర్ ఆఫీసరు చేస్తామని మేనేజరు తివారీ గారు ముందే చెప్పారు. ఆ పోస్టు నాకు కావాలి.

సింహాచలం భిలాయిలోనే, మరోదా పేటలో పుట్టి పెరిగినవాడు. తండ్రి విజయనగరం నుంచి వలసవచ్చిన ఉక్కు కార్మికుడు. సింహాచలం హిందీలో జోకు వేస్తే గేటు కాపలావాడి నుంచి మేనేజరు దాకా నవ్వేవారు. నేను తయారుచేసిన నిల్వల పట్టిక మీద తివారీ గారు టీ గ్లాసు పెట్టుకునేవారు.

ఆ చలికాలం సింహాచలం ఒక ఏర్పాటు చేశాడు. కొలిమిలోకి గాలి కొట్టే బ్లోయరును తిప్పే మోటారు, పక్కపక్కనే ఉన్న నాలుగు ఫౌండ్రీల్లోనూ ఒకటే రకం. తలో స్పేరు కొనే బదులు అందరికీ కలిపి ఒకటి ఉంచాలి. ఎవరి మోటారు కాలిపోతే వాళ్లు దాన్ని వాడుకుని, తమది బాగుచేయించాక తిరిగి పెట్టేయాలి.

"మా అమ్మ పక్క క్వార్టరు కాడ సెనగపిండి చేబదులు తెస్తాది కదా గురూ, ఇదీ అంతే."

ఇద్దరికి ఒకేసారి అవసరమైతే ఏమిటని అడిగాను.

"అన్ని ఇళ్లల్లోనూ ఒకేపాలి పకోడీలేస్తారేటి?" అని నవ్వాడు.

తివారీ గారు 'చేబదులు' అన్న మాట నేర్చుకుని కనబడినవాళ్లందరికీ చెప్పారు. నాకు కడుపు మండింది. స్టోరు నాది, ఆ ఆలోచన నాకు రావలసింది. రాలేదు కాబట్టి అందులో లోపం వెతకసాగాను. భోజన విరామాల్లో కరెంటు స్తంభాల వెంట నడిచాను. నాలుగు ఫౌండ్రీలకూ కరెంటు ఒకే లైను మీద, ఒకే ట్రాన్స్‌ఫార్మరు నుంచి వస్తోంది. వోల్టేజీ ఎగిస్తే నాలుగు మోటార్లకూ ముప్పే. ఈ సంగతి తివారీ గారికి చెప్పాను.

"ఇత్నా మత్ జలో, భాయ్," అన్నారు. అంతగా కుళ్లుకోకు అని. కుళ్లు నిజమే. లైను సంగతీ నిజమే.

పక్కన పడేసిన పాత బ్లోయరు మోటారు ఒకదానికి పక్క ఊరు దుర్గ్‌లో కొత్త రాగితీగ చుట్టించి నా స్టోర్లో పెట్టాను. అది నా అధికారంలోని పనే. ఉమ్మడిలో మాత్రం చేర్చలేదు.

మరుసటి జూన్‌లో, తొలివాన మధ్యాహ్నం, పిడుగుతో కరెంటు పోయి అధిక వోల్టేజీతో తిరిగొచ్చింది. మా మోటారూ కాలింది, పక్క ఫౌండ్రీదీ కాలింది. మా మనిషి వెళ్లేసరికి ఉమ్మడి మోటారును వాళ్లు పట్టుకుపోయారు. మా కొలిమిలో ఇనుము కరిగి ఉంది. గాలి అందకపోతే అది లోపలే గడ్డకడుతుంది. కొలిమిని పగలగొట్టి తీయాలి, ఇవ్వవలసిన సరుకు ఆగిపోతుంది.

సింహాచలం తడిసి ముద్దై స్టోరుకు వచ్చాడు. "గురూ, నీ కాడ ఒకటుందట కదా?"

"వాన పడింది కదా, అన్ని ఇళ్లల్లోనూ పకోడీలే," అన్నాను.

"ఇప్పుడా ఎటకారం? ముందు మోటారియ్యి, తరవాత తిడుదువుగాని."

తాళం తీశాను. కొలిమి నిలిచింది.

సాయంత్రం తివారీ గారు వచ్చి సింహాచలం భుజం తట్టారు. "దేఖా? చేబదులు ఫిర్ కామ్ ఆయా!" మళ్లీ చేబదులే ఆదుకుందట. ఆ మోటారు నాదని సింహాచలమే చెప్పాడు. నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు. అతను దాచి ఉంటే అతని మీద కోపం పెట్టుకోవడం నాకు కొంత తేలికగా ఉండేది. తర్వాతి నెల సీనియర్ ఆఫీసరు ఉత్తర్వు అతని పేరున వచ్చింది.

ఉమ్మడి నిల్వ మంచి పద్ధతే, తరువాత నేనూ చాలాచోట్ల అమలుచేశాను. దాన్ని ఎందరు పంచుకుంటున్నారన్నది రెండో ప్రశ్న. వాళ్లందరికీ ఒకే రోజు అవసరం తెచ్చిపెట్టే కారణం ఏదైనా ఉందా అన్నది మొదటి ప్రశ్న. సింహాచలం మీద కుళ్లు లేకపోతే నేను ఆ స్తంభాల వెంట నడిచేవాణ్ని కాదు. ప్రశ్న నాకు మిగిలింది, పోస్టు అతనికి వెళ్లింది.