ఒక్క సాయంత్రానికి వచ్చిన రెజీనా

రెజీనా మోటార్ రూమ్ బ్యాండ్‌లో ఎప్పుడు చేరిందని అడిగితే ఆమె సూటిగా జవాబు చెప్పలేదు. ఎప్పుడు వచ్చిందో మాత్రం బాగా గుర్తుంది. 2012 ఆగస్టులో ఒక గురువారం.

అప్పుడామెకు ఇరవై నాలుగేళ్ళు. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో పని. ఏ ఆర్టిస్టు ఏ రోజు రావాలో చూసి, ఫోన్లు చేసి, వచ్చినవాళ్ళకు డైలాగు కాగితాలు అందించేది. ఆదివారాలు బోరబండలో వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయించేది. ఆ సంగతి స్టూడియోలో సౌండ్ అసిస్టెంటు నర్సింహకు తెలుసు. అతను యూసుఫ్‌గూడ కుర్రాడు, గురువారాలు జూబ్లీహిల్స్‌లో ఒక రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం రెజీనా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఒక్క సాయంత్రమే రెజీనా. మా కీబోర్డు ఓంప్రకాష్‌కు కామెర్లయినయి. జర వచ్చి కూసొని వాయించిపో."

సరేనని వెళ్ళింది. అది శ్రీకృష్ణ వాళ్ళ ఇల్లు. శ్రీకృష్ణది గిటారు, బ్యాండు మొదలుపెట్టింది అతనే. వాళ్ళ నాన్న చలపతిరావు సినిమా డిస్ట్రిబ్యూటరు. ఇంటికింద సెల్లార్‌లో నీళ్ళ మోటారు ఉండే గదిని కొడుక్కిచ్చాడు. బ్యాండుకు ఆ పేరు అలా వచ్చింది.

రెజీనా కీబోర్డు ముందు కూర్చుని, ఎన్నో నంబరు పాటని అడిగింది. చర్చిలో అలాగే అడగడం అలవాటు. శ్రీకృష్ణ, నర్సింహ నవ్వారు. వాళ్ళు వాయించేది జామ్. కాగితం మీద ఏమీ ఉండదు. ఒకరు ఏదో ఒక వరుస ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు వింటూ అందుకుంటారు, అది ఎటు పోతే అటు పోతారు. మొదటి అరగంట రెజీనాకు ఏమీ అర్థం కాలేదు. పాట ఎక్కడ ఆగుతుందో తెలియక అందరూ ఆపేశాక కూడా ఇంకాసేపు వాయించింది. శ్రీకృష్ణ తలూపి, "ఇది బావుంది, వచ్చేవారం ఇక్కణ్ణుంచి మొదలుపెడదాం," అన్నాడు.

వచ్చేవారం అన్నది తనకో కాదో ఆమెకు తెలియలేదు. అడగడానికి మొహమాటపడి ఊరుకుంది. మరుసటి గురువారం నర్సింహ స్టూడియో నుంచి బయల్దేరుతూ ఆమె కోసం బండి ఆపితే ఎక్కింది. ఓంప్రకాష్ ఆ వారమూ రాలేదు, ఆ పై వారమూ రాలేదు. అతని గురించి వాళ్ళెవరూ మాట్లాడలేదు, అతని కీబోర్డు మాత్రం అక్కడే ఉంది. రెజీనా దాని మీదే వాయించేది. పోయేటప్పుడు ఎప్పుడూ పైన గుడ్డ కప్పి, తన వస్తువులేవీ అక్కడ వదిలేది కాదు. చివరికి మంచినీళ్ళ సీసా కూడా.

వాళ్ళమ్మ తెరెసా ఒకసారి ఉండబట్టలేక అడిగింది. ఆ పిల్లలు నీకేమవుతారు, నువ్వు వాళ్ళకేమవుతావు అని. ఓంప్రకాష్ వచ్చేదాకా వెళ్తున్నానని రెజీనా చెప్పింది. అలా రెండేళ్ళు చెప్పింది.

2014లో శ్రీకృష్ణ డైరెక్షన్ వైపు వెళ్ళిపోయాడు. షూటింగుల మధ్య రెండు మూడు సార్లు వచ్చి, తర్వాత రావడం మానేశాడు. అదే ఏడు చలపతిరావు ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్లకు ఇచ్చాడు. బ్యాండు యూసుఫ్‌గూడలో ఒక మేడమీది గదికి మారింది. మోటారు లేదు, మోటారు గది లేదు, పేరు మాత్రం అదే ఉంది. పాడటానికి భువన అనే అమ్మాయి వచ్చింది. ఆమె ఉన్న మూడేళ్ళూ పాటల తీరే మారిపోయింది. ఆమె పెళ్ళి చేసుకుని బెంగళూరు వెళ్ళింది. బాస్ గిటారు వాళ్ళు నలుగురు మారారు. వాళ్ళలో ఒకతని పేరు రెజీనాకు ఇప్పటికీ తెలియదు. ఆరు నెలలు పక్కపక్కన నిలబడి వాయించాక ఇక పేరడగడం బాగుండదనిపించింది. 2019లో నర్సింహ మణికట్టు నొప్పితో డ్రమ్స్ మానేశాడు. వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు చూసుకుంటే, గ్రూపుకు అడ్మిన్ రెజీనానే అని ఫోన్ చూపిస్తోంది. ఎవరూ చేయలేదు, దానంతటదే చేసింది. ఎవర్నైనా అడుగుదామంటే అడగాల్సినవాళ్ళు గ్రూపులో లేరు.

తర్వాత చరణ్ తేజ వచ్చాడు. ఎర్రగడ్డలో ఉంటాడు, గిటారు వాయిస్తూ పాడతాడు. అతను తెచ్చిన కుర్రాళ్ళతో బ్యాండు మళ్ళీ నిండింది. అతనికి రెజీనా అంటే గౌరవం. ఒకసారి స్టేజీ మీద, ఈ బ్యాండు మొదలుపెట్టింది మా రెజీనక్కే అని చెప్పాడు. తర్వాత ఆమె అది నిజం కాదని చెబితే, వినయం కొద్దీ అంటోందనుకున్నాడు.

ఇదంతా ఇలా సాగుతూ ఉండగా నిరుడు, 2024లో, జూబ్లీహిల్స్‌లో ఒక కేఫ్ వాళ్ళు బ్యాండుకు పన్నెండేళ్ళ పండగ చేద్దామన్నారు. మోటార్ రూమ్ తొలిసారి నలుగురి ముందు వాయించింది అక్కడే. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, తొలి సభ్యులు, ఇప్పటి సభ్యులు అందరూ కలిసి వాయించాలి. తొలివాళ్ళ పేర్లు శ్రీకృష్ణ ఇచ్చాడు, ఇప్పటివాళ్ళ పేర్లు చరణ్ తేజ ఇచ్చాడు.

పోస్టరు ఫోనులో వచ్చినప్పుడు రెజీనా స్టూడియోలో ఉంది. పైవరసలో శ్రీకృష్ణ, నర్సింహ, ఓంప్రకాష్. కింది వరసలో చరణ్ తేజ, అతను తెచ్చిన ముగ్గురు కుర్రాళ్ళు. ఆమె ఫొటో లేదు. పెద్దది చేసి చూసింది. మళ్ళీ చూసింది. ఆమె ఇప్పటివాళ్ళలో ఉంటుందని శ్రీకృష్ణ అనుకున్నాడు. తొలివాళ్ళలో ఉంటుందని చరణ్ తేజ అనుకున్నాడు. ఈ సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, నువ్వు మాలో లేవని పన్నెండేళ్ళుగా ఎవరూ బయటికి చెప్పని మాట ఇదేనేమో అనుకుంది. కోపం రావాలి కదా అని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. వచ్చిందేమిటో ఆమెకు తెలియలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఆటో ఎక్కింది. వెళ్తున్నది వాయించడానికో, చూడటానికో తేల్చుకోలేక బ్యాండు వరుసలు గుర్తుకోసం రాసుకున్న పుస్తకం ఇంట్లో వదిలి, కళ్ళజోడు మాత్రం తెచ్చుకుంది. కేఫ్ గుమ్మం దగ్గర ఒకమ్మాయి పేరడిగి, రెండు జాబితాలూ వెతికి, మీరు ఎవరి తరఫున వచ్చారని మర్యాదగా అడిగింది. రెజీనా ఆలోచించి, తెలియదని చెప్పింది. పక్కకు జరిగి నిలబడింది.

కాసేపటికి నలభై దాటిన ఒకతను వచ్చాడు. లావుపాటి మనిషి, చేతిలో హెల్మెట్. తన పేరు ఓంప్రకాష్ అని గుమ్మం దగ్గర చెబుతుంటే రెజీనా తలెత్తి చూసింది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా కలవలేదు. ఆమే దగ్గరకు వెళ్ళి తన పేరు చెప్పింది.

అతను హెల్మెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "నాకు కామెర్లు తక్కువైనంక వీళ్లకు ఫోన్ చేసిన, మేడమ్. ఈ వారం రెజీనా ఉంది, రెస్ట్ తీస్కో అన్నరు. మళ్ల వారం గూడ గదే మాట. ఇగ నేనే చేసుడు బంద్ పెట్టిన. కానీ రావద్దని ఎవ్వరు చెప్పలే. నేను బ్యాండ్ల ఉన్ననా లేనా అని శానా ఏండ్లు సమజ్ కాలే."

 ఇన్నాళ్ళూ రెజీనా ఆయన కోసమే ఆ చోటు కాస్తున్నాననుకుంది. ఆయనేమో తన వల్లే రాలేకపోయాడు. ఎవరిది తప్పో చూద్దామంటే, ఎవరూ ఏమీ చేయలేదు. క్షమించండి అనబోయి, దేనికో తెలియక ఆగిపోయింది. బదులుగా, తను ఇన్నేళ్ళూ వాయిస్తున్న ఒక వరుసను నోటితో సన్నగా అని, ఇది మీదేనా అని అడిగింది. నర్సింహ ఒకప్పుడు అది ఓంప్రకాష్ కట్టిందేనని చెప్పాడు.

"యాదికి లేదు," అన్నాడతను. "నాదే అయ్యుండొచ్చు. గింత మంచిగైతే లేకుండె."

లోపలికి, స్టేజీ మీదికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఓంప్రకాష్ ఎర్రగడ్డలో ఇన్వర్టర్ల దుకాణం పెట్టుకున్నాడు, కీబోర్డు ముట్టి ఏళ్ళయింది. పక్కన కూర్చోమని ఆమెను బతిమాలాడు. ఒకే కీబోర్డు మీద ఎడమవైపు అతను, కుడివైపు ఆమె. మొదటి పాట పాడైపోయింది. రెండోది ఫరవాలేదు. మూడోదానికి జనం కాళ్ళతో తాళం వేశారు.

అయ్యాక అందరూ టీ తాగుతుంటే రెజీనా అడిగింది. ఎవర్నీ ప్రత్యేకంగా చూడకుండా, "నేను ఈ బ్యాండ్‌లో ఉన్నానా?" అంది.

శ్రీకృష్ణ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. చరణ్ తేజ పోస్టరు సంగతి చెప్పి సంజాయిషీ ఇవ్వబోయాడు. నర్సింహ మణికట్టు నిమురుకుంటూ, "నేనే పిలిచిన, ఒక్క దినానికి," అన్నాడు. "ఉండుమని చెప్పుడు మర్చిపోయిన. నీకు తెలుసనుకున్న."

ఆ తర్వాత రెండు గురువారాలు ఆమె వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని, వెళ్ళాలనుందా లేదా అని చూసుకుంది. అదీ తేలలేదు. చరణ్ తేజ ఫోన్ చేస్తే, ఆలోచిస్తున్నానని చెప్పింది. మూడో వారం మధ్యాహ్నమే తనే ఫోన్ చేసి, వస్తున్నాననీ, అందరి ముందూ ఒకసారి తన పేరు చెప్పి చేర్చుకోమనీ అడిగింది. అతనికి వింతగా తోచినా సరేనన్నాడు. ఆ సాయంత్రం మేడమీది గదిలో, ఈ రోజు నుంచి రెజీనక్క మన బ్యాండు సభ్యురాలు అని ప్రకటించాడు. విషయం అర్థం కాని కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆమె కూర్చుని బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుంది. మనసు కుదుటపడుతుందనుకుంది, పూర్తిగా పడలేదు. ఎవరు ఎత్తుకుంటారా అని ఎప్పటిలాగే చెవులు రిక్కించింది. కాసేపు ఎవరూ ఎత్తుకోలేదు. చూస్తే నలుగురూ తనవైపే చూస్తున్నారు. ఏం వాయించాలో తెలియకుండానే కీబోర్డు మీద వేళ్ళు ఆనించింది.