తెల్లమాసంలో అడిగిన కానుక

యంజిమా చేతులకు ఉన్ని వాసన పోలేదు. పన్నెండేళ్లు మా ఊరి ఉన్ని బూట్ల ఫ్యాక్టరీలో గొర్రె ఉన్ని కడిగింది. ఆ తర్వాత ఆరు వారాలు రాజధాని ఉలాన్‌బాతర్‌లో వాటాల చదువు చదివి వచ్చింది. అయినా ఆమె తాకిన ప్రతి కాగితం వర్షంలో తడిసిన మందలా వాసన వేసేది. అక్కడి కొత్త స్టాక్ ఎక్స్చేంజిని అప్పట్లో పిల్లల పాత సినిమా హాల్లో పెట్టారు. తిరిగొచ్చిన రోజున “కుర్చీలు చిన్నవి, మాటలు పెద్దవి” అని నవ్వింది.

పోస్టాఫీసులో నేను చూసుకునే టెలిఫోన్ పక్కనే ఆమెకొక బల్ల, ఒక రబ్బరు ముద్ర ఇచ్చి, గోడకు ‘బ్రోకర్’ అని బోర్డు తగిలించారు. మా ఊళ్లో అంతవరకూ ఆ మాటను తిట్టుగా తప్ప ఎవరూ వాడి ఎరగరు.

సర్కారీ ఫ్యాక్టరీల్లో వాటా కొనుక్కోమని ప్రభుత్వం మనిషికొకటి చొప్పున పంచిన నీలి చీటీలను చాలా ఊళ్లలో పిండి బస్తాకో వోడ్కా సీసాకో ఇచ్చేశారు. మా ఊళ్లో అలా జరగలేదు. ఫ్యాక్టరీలోని రెండువందల మందీ ఆ చీటీలతో తమ ఫ్యాక్టరీలోనే వాటాలు కొనుక్కున్నారంటే, ఆ చలికాలమంతా యంజిమా గుడారం నుంచి గుడారానికి తిరిగినందుకే.

“వాటా అంటే ఆడగుర్రం అనుకో, త్సెవెన్ తాతా. కోసుకు తినకు, పిల్లను పెట్టేదాకా ఉంచుకో.”

త్సెవెన్ బాయిలరు దగ్గర పనిచేసే ముసలాయన. “మేతేం పెట్టాలి?” అన్నాడు.

“మేతక్కర్లేదు. కాపలా కాస్తే చాలు.”

“మేత తినని గుర్రమా! ఊపిరుందో లేదో చూశావుటే ముందు?”

గుడారమంతా నవ్వింది. కానీ కొన్నారు. నీలి వాటా కాగితాలను పెట్టెల అడుగున, పెళ్లినాటి పట్టుబట్టల మధ్య దాచుకున్నారు.

వేసవిలో అమ్మకాలు, కొనుగోళ్లు మొదలవుతాయని కబురొచ్చింది. యంజిమా ఒక నల్లబల్ల సంపాదించి గళ్లు గీసింది. “ధర అందరి ముందూ పలకాలి. చెవిలో పలికితే అది సంత కాదు” అనేది. ఆ ఖాళీ గళ్ల వైపు, మంచు కరిగే కొండను చూసినట్టు చూసేది.

వేసవికంటే ముందు తెల్లమాసం వచ్చింది. మాకు అదే కొత్త సంవత్సరం. చేతుల మీద నీలి పట్టు పరుచుకుని ఇంటింటికీ వెళ్తాం, కుడుములు తింటాం. వచ్చిన వాళ్లెవరూ వట్టి చేతులతో పోకూడదు. సబ్బో, చేతిరుమాలో, గుప్పెడు మిఠాయిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి. కాదన్న మాటతో ఏడు మొదలైతే ఏడంతా పాడవుతుందని భయం.

ఫ్యాక్టరీ డైరెక్టరు గొంబోజావ్ అంతకుముందు ఏ పనివాడి గడపా తొక్కలేదు. ఆ ఏడాది పండగ పదిహేను రోజులూ తొక్కాడు. మంచి వోడ్కా తెచ్చాడు, చచ్చిపోయిన వాళ్ల పేర్లు తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇల్లాలు కానుక కోసం పెట్టె తెరవగానే మెత్తగా అడిగేవాడు:

“నాకెందుకమ్మా సబ్బు? ఆ నీలి కాగితం ఊరికే పడుందిగా. అదిచ్చెయ్, నీ గుర్తుగా దాచుకుంటా.”

పదహారో రోజున ఆ కట్ట తెచ్చి యంజిమా బల్ల మీద పడేశాడు. కాగితాల మీద గొర్రె కొవ్వు మరకలు. కుడుములు చుట్టిన వేళ్ల గుర్తులు.

“ముద్ర వెయ్యి, చెల్లెమ్మా.”

“కొన్నారా?”

“ఛ, పండగ పూట కొనడమేంటి? కానుకలు.”

“నూట ముప్పై మంది ఇచ్చిన కానుకలా?”

“నేనంటే ప్రేమ జనానికి.” పళ్లలో ఇరుక్కున్న మాంసాన్ని నాలుకతో వెతుక్కుంటూ అన్నాడు.

రెండువందల వాటాల్లో నూరు దాటితే ఫ్యాక్టరీ అతనిదే. అయితే కానుకగా ఇచ్చిన వాటా చేతులు మారాలంటే, ఇచ్చిన మనిషి వచ్చి, ఇష్టపడి ఇచ్చానని నోటితో చెప్పాలి. యంజిమా ఆ ఒక్క నియమాన్నీ పట్టుకుంది. నూట ముప్పై మందికీ కబురు పంపించింది. రెండు రోజులు పోస్టాఫీసు బయట మంచులో బారు తీరారు.

“ఇష్టంగానే ఇచ్చావా, తాతా? లేదని ఒక్క మాట అను, చింపేస్తా.”

త్సెవెన్ ముఖం గంటు పెట్టుకున్నాడు. “పండగనాడు ఇచ్చింది వెనక్కి అడగమంటావా? సిగ్గులేదుటే నీకు?”

“ఫ్యాక్టరీ పోతుంది.”

“పోతే పోనీ. గడపలోకొచ్చి అడిగినవాణ్ణి వట్టిచేతులతో పంపానని మాత్రం అనిపించుకోను.”

ఒక కుట్టుపని ఆవిడ “నాకిష్టం లేదు” అంది. అరగంట తర్వాత మొగుడు ఆమెను రెక్క పట్టుకుని తీసుకొచ్చి మాట మార్పించాడు. వెచ్చటి గోడకానుకుని గొంబోజావ్ నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని.

రెండో రోజు మధ్యాహ్నం బారులోంచి దుల్మా వచ్చింది. యంజిమా తల్లి.

“అమ్మా, ఇంటికెళ్లు.”

“పోయిన మీ నాన్న పేరు చెప్పి తాగాడే గ్లాసు. ఎలా కాదంటాను? ఇష్టంగానే ఇచ్చాను. వెయ్యి ముద్ర.”

యంజిమా వేసింది. ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు, ఇష్టమేనా అని తప్ప. సాయంత్రం వాకిట్లో మంచుతో కుడిచేతిని చాలాసేపు తోముకుంది.

వేసవిలో అమ్మకాలు మొదలయ్యాయి. మిగిలిన డెబ్బై వాటాలను అడిగినవాడు లేడు, మా నల్లబల్ల గళ్లు ఖాళీగానే ఉన్నాయి. ఆకులు రాలే వేళకు గొంబోజావ్ అమ్మేసిన ఉన్ని ఒత్తే యంత్రాలు లారీలెక్కి సరిహద్దు దాటిపోయాయి. బాయిలరు చల్లారిన రోజు ఊరంతా ఒకే నిశ్శబ్దం, గొంతు నులిమిన పక్షిలాంటిది.

మళ్లీ తెల్లమాసం వచ్చింది. గొంబోజావ్ మళ్లీ గడపగడపా తొక్కాడు. మళ్లీ అందరూ తలుపులు తీశారు. పనిలేని చేతులతోనే కుడుములు చుట్టి పెట్టారు. నాకు అతనికంటే వాళ్ల మీదే ఎక్కువ అసహ్యం వేసింది. మా ఇంట్లోనూ పెట్టాం.

అతను యంజిమా ఇంటికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. పదకొండు కుడుములు తిన్నాడు. గడ్డం మీద కారిన కొవ్వును దుల్మా పరిచిన పట్టుతోనే తుడుచుకున్నాడు. లేచాడు. ఇక కానుక.

యంజిమా పెట్టెలోంచి ఒక బూట్ల జత తీసింది. ఫ్యాక్టరీ చేసిన ఆఖరి జతల్లో ఒకటి, ఆమె కడిగిన ఉన్నితో చేసింది. ఎడమచేత్తో పట్టుకుని అతని వైపు చాపింది.

అతను ఒక్క క్షణం ఆ చేతిని చూశాడు. తర్వాత రెండు చేతులూ చాచి, వినయంగా వంగి అందుకున్నాడు. అడుగు భాగం నొక్కి చూశాడు. “మంచి ఉన్ని. ఇప్పుడు దొరకదు” అని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

“ఎడమచేత్తోనా! పండగ పూట!” తల్లి మండిపడింది.

“కుడిచేత్తో ముద్ర వేశానమ్మా,” అంది యంజిమా గిన్నెలు తీస్తూ. “దానికంటే ఇదే శుభ్రం.”