నిలబెట్టి చూస్తే కనబడిన నొప్పి

విడవలూరికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న పాళెంలో అంకాలమ్మ నడకంటే అందరికీ తెలుసు. మొగుడు ముత్యాలయ్య వేట నుంచి తెచ్చిన నెత్తళ్ల చేపలు గంపకెత్తుకుని, ఎండ ఎక్కకముందే విడవలూరు వీధుల్లో కేకేసేది. తోటి ఆడవాళ్లు ఆమెను అందుకోలేక ఆయాసపడేవాళ్లు.

1958లో నాలుగో కాన్పయింది. ఆ తర్వాత ఆ నడక మందగించింది. పొత్తికడుపులో, ఎడమపక్క ఎక్కువగా, రాయి కట్టి కిందికి లాగుతున్నట్టు ఒకటే బరువు. పొద్దున లేచినప్పుడు ఏమీ ఉండదు. నడిచేకొద్దీ మొదలై, మధ్యాహ్నానికి ఎవరి అరుగు దొరికితే ఆ అరుగు మీద కూలబడేది. ముట్టుకు ముందు వారం మరీ ఘోరం. మొగుడు దగ్గరికొచ్చినా మర్నాడంతా సలుపే. ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

"నా మీద మనసు విరిగిందా నీకు?" అని ముత్యాలయ్య ఒకసారి అడిగినాడు. అంకాలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

అత్త పోలేరమ్మ నోరు ఊరుకోలేదు. "పొద్దున బాగుండి పనివేళకొచ్చే జబ్బేందిమే? మేము కనలేదా బిడ్డల్ని?" అనేది.

కషాయాలు తాగింది, తాయెత్తు కట్టుకుంది. మూడేళ్లలో ముగ్గురు డాక్టర్లు చూసినారు. బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట నొక్కి, "ఏమీ లేదు, బలానికి మాత్రలు మింగు" అన్నారు. చివరికి ఆమెకే అనుమానం వచ్చింది. ఇంతమంది లేదంటుంటే, నేనే నొప్పిని ఊహించుకుంటున్నానా?

1961లో విడవలూరుకు కామాక్షమ్మ అనే నర్సు కొత్తగా వచ్చింది. ఒకరోజు చేపలు కొంటూ, అంకాలమ్మ గోడకు ఆనుకుని పెదవి కొరుక్కోవడం చూసింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదమ్మా. కాసేపు పడుకుంటే తగ్గిపోతాది."

"పడుకుంటే తగ్గుతాదా?"

"అందుకే గదా ఎవరూ నమ్మంది!"

కామాక్షమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపేసింది. పడుకోమనలేదు. పీట మీద నిలబెట్టి చూసింది. రెండు తొడల లోపలివైపు, ఇంకా పైదాకా, నీలం నరాలు మెలికలు తిరిగి తాళ్లలా ఉబ్బి ఉన్నాయి.

"డాక్టర్లు నిన్ను ఎట్టా చూసినారు, పడుకోబెట్టేనా?"

"అవునమ్మా."

"పడుకుంటే ఇవి అణిగిపోతాయి. వాళ్లకేం కనబడతాది!"

నర్సు తనకు తెలిసినంత రాసి చీటీ ఇచ్చింది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ చీటీ పట్టుకుని నెల్లూరు బస్సెక్కినారు. అక్కడి డాక్టరమ్మ శ్రద్ధగా చూసి, ముత్యాలయ్యను కూడా లోపలికి పిలిచింది.

"రక్తం కిందనుంచి పైకెక్కి గుండెకు చేరాల. వెనక్కి జారకుండా నరాల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. కాన్పులప్పుడు ఈమెకి ఆ నరాలు సాగి, తలుపులు సరిగా మూసుకోవడం లేదు. నిలబడినంతసేపూ రక్తం గర్భసంచి చుట్టూ నిలిచిపోతోంది. నొప్పి దానివల్లే."

"అయితే నిజంగానే ఉందా అమ్మా?" అంది అంకాలమ్మ.

"ఉంది. ఇన్నాళ్లు ఎట్టా ఓర్చుకున్నావో!"

ఆ మాటకు అంకాలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. ముత్యాలయ్య తలొంచుకున్నాడు.

డాక్టరమ్మ నొప్పికి మాత్రలిచ్చింది. బరువెత్తొద్దంది, ఎక్కువసేపు నిలబడొద్దంది. మధ్యలో పడుకుని కాళ్లు ఎత్తుగా పెట్టుకోవాలి, ఇక కాన్పులు వద్దు. "గర్భసంచి తీసేసే ఆపరేషనుంది. కానీ పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేను," అంది దాచకుండా. అంకాలమ్మ ఆపరేషను వద్దనుకుంది.

ఇంటికొచ్చి ముత్యాలయ్య అంతా తల్లికి చెప్పినాడు. కొడుకు బయటికి పోయినాక, పోలేరమ్మ కోడలి ముందు చీర మోకాలి పైకి జరిపింది. అవే తాళ్లు, అవే మెలికలు.

"నాకు ఆఖరి బిడ్డ పుట్టినప్పటినుంచీ ఉండాది," అంది. "మా అత్త నన్ను తిట్టింది. నేను నిన్ను తిట్టినాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తా?"

"ఇదొక జబ్బని నాకేం తెలుసు తల్లీ!"

మర్నాటినుంచి ముత్యాలయ్య కావడి కట్టి చేపలు విడవలూరు మోసినాడు. మగోడు చేపలమ్ముతాడా అని పాళెం నవ్వింది. నెల తిరిగేసరికి ఆ నవ్వు పాతబడింది. అంకాలమ్మ పక్కన వట్టి చేతులతో నడిచి, బేరం తాను చేసేది. రెండేళ్లకు ముత్యాలయ్యే పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకున్నాడు.

నొప్పి పూర్తిగా పోలేదు. ముట్టు ముందు ఇప్పటికీ వస్తుంది, గానీ సగానికి సగం తగ్గింది. నొప్పి వచ్చిన రోజు అంకాలమ్మ ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. వల కుప్ప మీద కాళ్లు పెట్టుకుని పడుకుంటుంది. పక్కనే పోలేరమ్మ కూడా కాళ్లు చాచి, "కొంచెం జరగవే," అంటుంది.