గుభేలక్క భయపడని రోజు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు. అందరికీ గుభేలక్కే. కుక్కర్ కూత వేస్తే గుండె గుభేలు, ఫోన్ మోగితే గుభేలు, మోగకపోతే ఇంకా గుభేలు. ఆ పేరు పెట్టినవాడు సాక్షాత్తూ ఆమె తమ్ముడే. పెట్టి ఊరుకున్నాడా అంటే అదీ లేదు, కనిపించిన ప్రతివాడికీ చెప్పి ఊరంతా చాటాడు. ఆమె మాత్రం కోపం తెచ్చుకునేది కాదు. కీడెంచి మేలెంచమన్నారు కదా, నేను ఆ కీడు దగ్గర నలుగురి కంటే కాస్త ఎక్కువసేపు నిలబడతాను, అంతేగా అనేది.

అలాంటి మనిషికి మొగుడెవడు దొరికాడో చూడండి. మోటార్‌సైకిళ్ల మెకానిక్. పాత బండి తెచ్చి ఇస్తే, వెనక చక్రానికి చెరోపక్కా ఉండే రెండు షాకబ్జర్లు పీకేసి, సీటు కింద నడిమధ్యన ఒకే ఒక్క లావుపాటి షాకబ్జర్ నిలబెట్టడంలో అతనిది అందె వేసిన చెయ్యి. దాన్ని మోనోషాక్ అంటారు. కుర్రకారుకు ఆ పిచ్చి పట్టుకున్న దగ్గర్నుంచి ఇంటి పక్కనున్న అతని షెడ్డుకు ఊపిరాడటం లేదు. చూడ్డానికి అదేమంత పెద్ద పని కాదనిపిస్తుంది. కానీ అతను ప్రతి కుర్రాడికీ విసుగు లేకుండా ఒకే సంగతి చెప్పేవాడు. పాత బండి ఛాసిస్ కట్టినవాడు బరువును రెండు పక్కలా పంచుకుని మొయ్యమని కట్టాడు. మనం ఆ బరువంతా తెచ్చి మధ్య గొట్టానికి అతికించిన అరచేతంత ఇనుప బ్రాకెట్ మీద పెడుతున్నాం. ఇద్దరు మోసేది ఒకడి నెత్తికెత్తేటప్పుడు వాడి ఎముకలు ముందే చూసుకోవాలి కదా అనేవాడు.

ఆ ఎముకలు చూడటానికి అతని దగ్గర రెండు సాధనాలున్నాయి. ఒకటి చిన్న సుత్తి. రెండోది పెళ్లాం.

నవ్వకండి, నిజం. గుభేలక్క దిట్టమైన మనిషి. పని పూర్తయిన ఏ బండయినా ఆమెను వెనక ఎక్కించుకుని షెడ్డు వెనక గుంతల దారిలో ఒక చుట్టు తిరిగొస్తే తప్ప గుమ్మం దాటేది కాదు. బట్టలకు గ్రీజు అంటకుండా ఒక పాత లేతరంగు పొడుగు కోటు తొడుక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కేది. దిగాక మెకానిక్ అడిగే ప్రశ్న ఒక్కటే, భయం ఎక్కడ పుట్టింది అని. మోకాళ్లలో పుడితే స్ప్రింగు బిగువు ఎక్కువైంది. కడుపులో పుడితే మరీ మెత్తగా ఉంది. మెడ వెనక పుడితే బండి తోక ఆడిస్తోంది, వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు బుష్‌లు చూడాలి. ఒక్కసారి కూడా ఆమె భయం తప్పు చెప్పలేదు. ఎగతాళి చేసే వీధి అంతా తమ బళ్లు మాత్రం ఆ భయంతోనే తూయించుకుని పట్టుకెళ్లేది.

ఇక తమ్ముడి సంగతి. తల్లి పోయేనాటికి వాడింకా సరిగ్గా నడవలేడు. నడక రాగానే పరుగు నేర్చుకున్నాడు. అన్నం ముద్ద పట్టుకుని ఆమె వెంటపడటం, వాడు వీధుల వెంట ఉరకడం. ఎంత తరిమితే అంత దూరం పోయేవాడు. వాడికి ఆట, ఆమెకు హడల్. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఒకనాడు అలా పరిగెడుతుంటే ఆమె అరికాల్లో ముల్లు దిగి, ఇక నావల్ల కాదని నడివీధిలో చతికిలబడింది. పిలవలేదు, ఏడవలేదు. కాసేపటికి సందు మలుపులోంచి వాడి తల తొంగిచూసింది. తర్వాత మనిషి వచ్చాడు. వచ్చి, ముల్లా అక్కా అని అడిగి, పక్కనే కూర్చుని తనంతట తనే ముద్ద తిన్నాడు. ఆ రోజు నుంచి వాణ్ని పట్టుకోవాలంటే ఆమె పరిగెత్తడం మానేసి కూర్చోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు వాడికి బడికెళ్లే కూతురుంది. పరుగు మాత్రం పోలేదు.

వాడి కన్ను నాన్న బండి మీద పడింది. ఆయన పోయాక పెరట్లో రేకుల చూరు కింద సగం వానలో సగం ఎండలో ఏళ్ల తరబడి నిలబడిపోయిన బండి అది. దాన్ని తోసుకొచ్చి, బావా, దీనికి మోనోషాక్ వెయ్యి అన్నాడు. మెకానిక్ సీటు విప్పి గొట్టాలన్నీ సుత్తితో తట్టాడు. అన్నీ ఖంగుమన్నాయి. బ్రాకెట్ పెట్టాల్సిన మధ్య గొట్టం దగ్గర మాత్రం మోత కాస్త బొంగురు పోయినట్టనిపించింది. పాత రంగు మందంగా పేరుకుంది కదా, అందుకేమో అనుకున్నాడు. అయినా అనుమానం పెనుభూతం కనుక, బ్రాకెట్ వెల్డింగ్ చేసి నల్లరంగు కొట్టాక, కింద నుంచి ఒక ఇనుప పట్టీ కూడా ఆసరాగా వేద్దామన్నాడు. దానికి ఇంకో పూట పడుతుంది. తమ్ముడు ఆగితేనా. మర్నాడు పొద్దున్నే పాపను ఎక్కించుకుని, కొండ అవతలి ఊళ్లో నర్సుగా పనిచేసే భార్య దగ్గరికి పోవాలి. ఈ బండి మీదే పోయి ఆమెను అదరగొట్టాలి. సరే, మీ అక్క ఏమంటుందో చూద్దాం అన్నాడు మెకానిక్.

గుభేలక్క కోటు తొడుక్కుని ఎక్కింది. అలవాటు ప్రకారం కళ్లు మూసుకుంది. మొదటి గుంత వచ్చింది, పోయింది. రెండోది వచ్చిందో లేదో తెలియలేదు. మోకాళ్లలో వెతికింది, కడుపులో వెతికింది, మెడ వెనక వెతికింది. భయం ఎక్కడా లేదు. కొత్త షాకబ్జర్ వెన్నలా ఉంది మరి, కింద ఏం జరుగుతోందో పైకి ఒక్క ముక్క చెప్పడం లేదు. చిన్నప్పుడు ఇదే సీటు మీద నాన్న నడుం పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా ఆమె ఇంత హాయిగా లేదు. బండి మీద ఆమె కళ్లు తెరిచింది ఆ రోజే. నవ్వింది కూడా.

"పట్టీ వెయ్యమంటావా?" అని అడిగాడు మెకానిక్, ఆమె దిగాక.

"అక్కర్లేదండీ. పరుపు మీద కూర్చున్నట్టుంది," అంది.

అక్క నవ్విందంటే ఇక ఈ బండికి తిరుగు లేదని తమ్ముడు ఎగిరి గంతేశాడు. సీటు పక్క రేకులు బిగించుకుని సాయంత్రమే తీసుకుపోయాడు. ఆమె కూడా ఆ రాత్రి ఏదో గెలిచినదానిలా నిద్రపోయింది, పాపం.

తెల్లవారి కోటు ఉతుకుదామని తొట్టి దగ్గర కూర్చుంది. అంచు మీద ఎర్రటి మరక ఉంది. మట్టేమోనని దులపబోయింది. రాలలేదు. వేలితో రాస్తే పొడి పొడిగా తగిలింది, మధ్యలో నల్లరంగు పెచ్చులు చిన్నచిన్నవి. నిన్న పక్క రేకులు బిగించకముందు ఈ అంచు సీటు కిందికి జారి ఆ బ్రాకెట్‌నే రాసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తుప్పు వాసన.

ఇన్నేళ్లుగా వంటింటి కిటికీలోంచి షెడ్డు మాటలు వింటున్న మనిషి ఆమె. కొత్త రంగు కింద నుంచి తుప్పు పొడి రాలిందంటే అక్కడ ఇనుము ఇనుముతో కొట్లాడుతోందని మెకానిక్ ఎన్నిసార్లు అన్నాడో. అంటే అతుకు పక్కన గొట్టం చీలుతోంది. ఆమె బరువుకు చీలడం మొదలైంది. నాన్న బండి లోపల్లోపల తుప్పు తినేసి, పైన గట్టిగా నిలబడి ఉంది. తమ్ముడు పాపను ఎక్కించుకుని బయల్దేరి అప్పటికి చాలాసేపయింది.

కోటు పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తింది. మెకానిక్ ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. తమ్ముడికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. బండి నడిపేవాడు సంచిలో పెట్టిన ఫోన్ ఎలా వింటాడు? మళ్లీ చేస్తూనే తన బండి తాళాలు అందుకున్నాడు. ఆమె రమ్మనకుండానే వెనక ఎక్కింది.

పెళ్లయినప్పటి నుంచి అతని వెనక కూర్చుని ఆమె అన్న మాట ఒకటే, మెల్లగా. ఆ రోజు అన్న మాటా ఒకటే, ఇంకా. లారీల సందుల్లోంచి దూరుతుంటే కళ్లు మూసుకోలేదు. రెప్ప వేస్తే చాలు, రోడ్డు పక్కన చిన్న చెప్పు ఒకటి పడి ఉన్నట్టు కనిపిస్తోంది. పట్టీ వేస్తానంటే అక్కర్లేదన్నది తనే. బతుకంతా అక్కర్లేని చోటల్లా భయపడి, కావలసిన ఒక్క చోట నవ్వింది. ఈ నోరు నిన్న పడిపోయినా బాగుండేదని తిట్టుకుంది. కొండ మొదట్లో టీ కొట్టతను, ఇప్పుడే వెళ్లారమ్మా, పాపకు బిస్కెట్లు కొన్నాడు, బండి చూసుకుని ఒకటే మురిసిపోతున్నాడు అని చెప్పాడు.

రెండు మలుపులు ఎక్కాక కనిపించారు. ముందు పాప పసుపు గౌను, తర్వాత వాడి వీపు, తర్వాత బండి. సీటు ఒక పక్కకు ఒరిగి ఉంది. మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య జానెడు ఉండాల్సిన సందు ప్రతి గతుకుకీ మూసుకుపోయి మళ్లీ తెరుచుకుంటోంది. గొట్టం తెగి సీటు చక్రం మీద కూలబడితే చక్రం పట్టేస్తుంది. పట్టేస్తే బండి గిరుక్కున తిరుగుతుంది. ఎడమ చేతి పక్క మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు.

మెకానిక్ హారన్ కొట్టాడు. ఆమె గొంతు చించుకుని అరిచింది. తమ్ముడు అద్దంలో చూశాడు. బావ బండి, బావ వెనక అక్క, అదీ ఆ వేగంలో. వాడికి ఇంకేం కావాలి? పందెం అనుకున్నాడు వెర్రి వెధవ. చెయ్యెత్తి ఊపి, బండిని ఒక్క ఉరుకు ఉరికించాడు. పాప వెనక్కి తిరిగి నవ్వుతూ, తనూ ఒక చెయ్యి వదిలి ఊపింది.

గుభేలక్క పై ప్రాణాలు పైనే పోయాయి. మెకానిక్ వేగం పెంచాడు. వాడూ పెంచాడు. పై మలుపు అవతల వానలకు కొండచరియ జారి రోడ్డంతా గుంతలు పడి ఉందని ఇద్దరికీ తెలుసు.

"ఆపండి," అంది.

"ఆపితే పోతాడు."

"తరిమితేనే పోతాడు. మీకు దణ్ణం పెడతాను, ఆపండి."

అతను ఆపాడు. ఎందుకు ఆపాడో తనకే తెలియదు. ఏళ్ల తరబడి ఆ భయం చెప్పింది చేసిన అలవాటు కావచ్చు. ఆమె దిగి, అద్దంలో కనిపించేలా రోడ్డు వారగా చతికిలబడింది. తమ్ముడు, పాప మలుపు తిరిగి మాయమయ్యారు.

ఇక వినడమే మిగిలింది. నాన్న బండి చప్పుడు కొండకు తగిలి వినిపిస్తోంది, సన్నబడుతోంది. ఆమె లేవలేదు. మెకానిక్ రెండుసార్లు కిక్ మీద కాలు పెట్టి, రెండుసార్లూ తీసేశాడు. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది.

బండి ఆపినా చప్పుడు ఆగుతుంది. పడినా ఆగుతుంది. భయం మోకాళ్లలోనూ, కడుపులోనూ, మెడ వెనకా అన్నిచోట్లా ఒకేసారి పుట్టింది. లేచి పరిగెత్తాలని ఒళ్లంతా లాగుతుంటే రెండు చేతులూ నేలకు ఆనించి తనను తానే అదిమిపట్టుకుంది. వాడిప్పుడు చంటాడు కాదు. ముల్లు రోజులు వాడికేం గుర్తుంటాయి?

చాలాసేపటికి మళ్లీ ఇంజిన్ చప్పుడు మొదలైంది. నెమ్మదిగా, కింది గేర్లో, దగ్గరవుతోంది. మలుపులోంచి ముందు వాడి తల కనిపించింది.

వాడు మెల్లగా వచ్చి, ఆమె ముందు కాలు ఆనించి ఆపాడు. ముఖంలో నవ్వు సగం మాత్రమే ఉంది.

"ఏమైందక్కా? ముల్లా?"

ఆమె లేచి పాపను సీటు మీంచి లాగేసుకుని మళ్లీ కూలబడింది. ఈ మనిషికి ఇవాళ ఏమొచ్చిందని గొణుక్కుంటూ తమ్ముడు దిగి, బండిని వెనక్కి లాగి సెంటర్ స్టాండు వేశాడు. ఆ కాస్త కుదుపుకే లోపల ఠప్‌మంది. సీటు దబ్బున కూలి చక్రం మీద కూర్చుంది.

మెకానిక్ పక్క రేకు ఊడదీశాడు. బ్రాకెట్ వెల్డింగ్ చెక్కుచెదరలేదు. దాని కింద గొట్టమే అట్టపెట్టెలా చిరిగి, లోపల నుంచి ఎర్రటి పొడి బుస్సున రాలుతోంది. మోత బొంగురుగా ఉందని నాకు తెలిసే వదిలేశాను అన్నాడు అతను, ఎవరితోనో తెలియదు. తమ్ముడు ఆ చిరుగు వంక, పిట్టగోడ వంక, కూతురి వంక చూశాడు.

"అక్కా, నేను వెనక్కి రాకపోయుంటే?"

"వస్తావని తెలుసురా," అంది.

ఆమెకు తెలియదు. అసలేమీ తెలియదు. పాపను ఇంకా గట్టిగా అదుముకుంది.

అత్తా నొప్పి, వదులు అంది పాప. ఆమె వదల్లేదు.